నల్లమల ఒడిలో ఆరుబయలు రంగశాల



"ఇక్ష్వాకుల రాజధాని ఏది?" అని అడిగితే మన హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా "విజయపురి" అని టక్కున చెబుతాడు. గ్రూప్-2కి చదువుతున్న అన్నల నోట్సు తిరగేస్తే ఇంకో మూడు బిట్లు దొరుకుతాయి. స్థాపకుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, శాసనాల భాష ప్రాకృతం, బౌద్ధాన్ని పోషించినవారు రాజవంశపు స్త్రీలు. ఈ నాలుగు బిట్లు వస్తే ఇక్ష్వాకుల పాఠం అయిపోయినట్టే లెక్క.

కానీ ఆ విజయపురిలో సుమారు వెయ్యిమంది కూర్చుని చూసే ఆరుబయలు రంగశాల ఒకటి ఉండేది. చుట్టూ నల్లమల కొండలు, పక్కన కృష్ణానది. దాదాపు 1700 సంవత్సరాల కిందటి మాట ఇది. మన తెలుగు నేల మీద ఇంత పాత రంగశాల ఉందన్న సంగతిని చాలా నోట్సుల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు మేము ఈ విషయాన్నే ఎంచుకున్నాం.

మేమంటే ఈ హాస్టల్లో చదివి, ఇప్పుడు చరిత్రలో పి.జి. చేస్తున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మాదే. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. రాళ్ళ చరిత్ర చదివేటప్పుడు ఆ రాళ్ళ చుట్టూ ఉన్న మనుషులను కూడా వెతకాలి. వాళ్ళలో మనవాళ్ళు ఉంటారు.

లోయలో ఒక నగరం

ముందుగా ఆ చోటు ఎలాంటిదో తెలుసుకుందాం. మ్యాపు తీసి కృష్ణానది వెంబడి వేలు పెట్టి చూడండి. శ్రీశైలం దాటి కిందికి వస్తే నది ఒడ్డున ఒక లోయ ఉండేది. ఒక పక్క కృష్ణ, మిగిలిన పక్కల నల్లమల కొండల చేతులు. లోయ వైశాల్యం సుమారు 23 చదరపు కిలోమీటర్లు. కోటగోడ కట్టకముందే ప్రకృతి కట్టిన కోట అన్నమాట.

శాతవాహనుల తరువాత, క్రీ.శ. 3వ శతాబ్దం మొదటి భాగంలో ఇక్ష్వాకులు ఈ లోయను రాజధానిగా చేసుకున్నారు. చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అనే నలుగురు రాజులు సుమారు వందేళ్ళు పాలించారు. ఆ వందేళ్ళలో ఈ లోయలో కట్టినన్ని కట్టడాలు ఆ కాలంలో ఆంధ్రదేశంలో మరెక్కడా అంత దగ్గర దగ్గరగా కనిపించవు. తవ్వకాల్లో ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, 19 హిందూ ఆలయాలు బయటపడ్డాయి. చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక మతస్థుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చిన ఉపాసిక. ఒకే ఇంట్లో రెండు మతాలు, ఒకే లోయలో గుడి, స్తూపం.

ఆ నగరానికి బయటివాళ్ళు కూడా చాలామంది వచ్చేవారు. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం కట్టించిన చైత్యగృహం ప్రస్తావన ఉంది. వీరపురుషదత్తుడి భార్యల్లో ఒకరు ఉజ్జయిని రాకుమార్తె. తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. శిల్పాల్లో శకుల వేషం వేసుకున్న సైనికులు కనిపిస్తారు. ఇంతమంది కలిసే నగరంలో జనమంతా ఒకచోట కూర్చుని ఆట చూసే స్థలం ఉండటంలో ఆశ్చర్యం లేదు.

మట్టి కింద నుంచి వెలుగులోకి

ఇక్ష్వాకుల తరువాత ఈ నగరం మెల్లగా పాడుపడింది. అడవి పెరిగింది. రాళ్ళ మీద మట్టి పేరుకుంది. ఊళ్ళ వాళ్ళకు అక్కడి దిబ్బలు దిబ్బలుగానే తెలుసు.

ఇక్కడ తప్పక గుర్తు పెట్టుకోవలసిన పేరు ఒకటి ఉంది. సూరపరాజు వెంకటరామయ్య గారు. ఆయన ఆ ప్రాంతపు బడిపంతులు. అక్కడ ఒక పాత స్తంభాన్ని చూసి, ఇది మామూలు రాయి కాదని గ్రహించి అప్పటి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. తరువాత 1926లో శాసన శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి గారు వచ్చి చూశారు. అలా నాగార్జునకొండ పేరు లోకానికి తెలిసింది. అంత పెద్ద నగరం బయటపడటానికి మొదటి కారణం కొండల మధ్య బడిలో పాఠం చెప్పుకునే ఒక పంతులు గారి చూపు.

1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ అనే ఆంగ్లేయ అధికారి తవ్వకాలు జరిపారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ గారు మళ్ళీ పని మొదలుపెట్టారు. ఈ రెండు విడతల్లోనూ ముఖ్యంగా స్తూపాలు, విహారాలు, శిల్పాలు, శాసనాలు వెలుగు చూశాయి. నగరం, వీధులు, కోట, స్నానఘట్టాలు మాత్రం ఎక్కువగా మట్టి కిందే ఉండిపోయాయి.

తరువాత కృష్ణ మీద నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టాలని నిర్ణయించారు. కడితే లోయ మొత్తం మునుగుతుంది. అప్పుడు 1954 నుంచి 1960 వరకు ఆరేళ్ళపాటు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ లోయ అంతటా తవ్వకాలు చేసింది. నీళ్ళు రాకముందే పని పూర్తి చేయాలి. పరీక్షకు ముందు రాత్రి చదువులాగా కాలంతో పోటీ పడి చేసిన పని అది. ఆ ఆరేళ్ళలో రాతియుగపు పనిముట్ల నుంచి 16వ శతాబ్దపు కట్టడాల దాకా బయటికి వచ్చాయి. మన రంగశాల కూడా ఈ విడత తవ్వకాల్లోనే పూర్తిగా వెలుగు చూసింది.

రంగశాల ఎలా ఉంటుంది?

మధ్యలో దీర్ఘచతురస్రాకారంలో పల్లపు నేల. అదే ఆట స్థలం. పొడవు సుమారు 54 అడుగులు, వెడల్పు సుమారు 45 అడుగులు. దాని నాలుగు వైపులా కింది నుంచి పైకి మెట్ల వరసలు. ఒక్కొక్క మెట్టు వెడల్పు సుమారు 2 అడుగులు. లోపల ఇటుక కట్టుబడి, పైన పలకరాళ్ళ తొడుగు. పైకప్పు లేదు. దానిని ఆనుకుని ఉన్న ఎత్తు మీద హారీతి గుడి.

అంకెలు చదివితే కంటికి కనబడదు కాబట్టి పోలిక చెబుతాం. మన హాస్టల్ వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. రంగశాల అడుగు నేల పొడవు సుమారు పదహారున్నర మీటర్లు, వెడల్పు సుమారు 13.7 మీటర్లు. అంటే మన కోర్టు కన్నా పొడవు కాస్త తక్కువ, వెడల్పు ఎక్కువ. దాని చుట్టూ నాలుగు వైపులా మెట్లు కట్టినట్టు ఊహించుకోండి.

వెయ్యిమంది పడతారని ఎలా చెబుతారు? దీనికి పదో తరగతి లెక్క చాలు. మొదటి మెట్టు చుట్టుకొలత 54, 45 కూడి రెండుతో హెచ్చిస్తే 198 అడుగులు. మనిషికి అడుగున్నర చోటు ఇస్తే 132 మంది కూర్చోవచ్చు. పైకి వెళ్ళే కొద్దీ ప్రతి మెట్టుకు చుట్టుకొలత 16 అడుగులు పెరుగుతుంది. అంటే వరసకు సుమారు పది మంది ఎక్కువ. ఆరు ఏడు వరసలు కూడి చూడండి, వెయ్యి దగ్గరకు వస్తుంది. లోపలికి వచ్చే దారి చోటు తీసేస్తే ఇంకో వరస అవసరమవుతుంది. పురావస్తు శాస్త్రవేత్తలు చెప్పే అంకెను మనమే కాగితం మీద సరిచూసుకోవచ్చునన్నమాట. చరిత్రకు లెక్కలతో పనిలేదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక వినికిడి సంగతి. మేము అనుపు వెళ్ళినప్పుడు మాలో ఒకరం అడుగున నిలబడి మామూలు గొంతుతో నాలుగు మాటలు మాట్లాడాం. పై మెట్టు మీద కూర్చున్నవాళ్ళకు మాటలు స్పష్టంగా వినిపించాయి. ఇందులో మాయ ఏమీ లేదు, ఫిజిక్సు ఉంది. చదునైన నేల మీద కూర్చుంటే ముందువాళ్ళ తలలు, ఒళ్ళు శబ్దాన్ని అడ్డుకుని పీల్చేస్తాయి. వెనకవాళ్ళకు సగమే వినిపిస్తుంది. మెట్ల మీద కూర్చుంటే ఒక్కొక్క వరస ముందు వరస కన్నా ఎత్తులో ఉంటుంది. అందువల్ల శబ్దం నేరుగా చెవికి చేరుతుంది. గట్టి రాతి తలం కొంత శబ్దాన్ని తిప్పి పంపుతుంది. చూపుకు కూడా ఇదే సూత్రం. మైకులు, లైట్లు లేని రోజుల్లో వెయ్యిమందికి ఆట చూపించాలంటే కట్టడమే మైకు పని చేయాలి.

ఏం ఆడేవారు?

ఈ కట్టడానికి పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తాయి. కొందరు క్రీడారంగం అన్నారు, కొందరు రంగస్థలం అన్నారు. పేరు మారితే అర్థం మారుతుంది. క్రీడారంగమైతే మల్లయుద్ధాలు, పందేలు అనుకుంటాం. రంగస్థలమైతే నాట్యం, నాటకం, సంగీతం అనుకుంటాం. రెండు వాదాలకూ ఆధారాలు ఏమిటో చూద్దాం.

భరతుని నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో నాట్యగృహం ఎలా కట్టాలో ఉంది. దీర్ఘచతురస్రం, చతురస్రం, త్రిభుజం అని మూడు ఆకారాలు చెప్పారు. మధ్యరకం దీర్ఘచతురస్రానికి 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు. అంతకన్నా పెద్దది కడితే నటుల మాట సరిగా వినబడదని, ముఖంలో భావాలు కనబడవని హెచ్చరించారు. ప్రేక్షకుల ఆసనాలు మెట్ల ఆకారంలో ఇటుకతో, చెక్కతో కట్టాలని కూడా ఉంది. మెట్ల ఆసనాల ఆలోచన మన దేశంలో ఉన్నదేననటానికి ఇది సాక్ష్యం. అయితే భరతుడు చెప్పింది కప్పు ఉన్న గృహం. రంగం ఒక పక్కన ఉంటుంది, ప్రేక్షకులు దానికి ఎదురుగా కూర్చుంటారు. విజయపురిలో ఆట మధ్యలో జరుగుతుంది, జనం నాలుగు వైపులా ఉంటారు. క్రీడారంగం అనేవారి వాదనకు ఈ తేడాయే బలం.

నాలుగు వైపులా మెట్లుండే ఈ తీరు చూసి రోమన్ల ప్రభావం అన్నవాళ్ళూ ఉన్నారు. రోమన్ నాణేలు ఇక్కడ దొరికాయి కాబట్టి ఆ ఊహకు చోటుంది. మన వీధి భాగవతంలో కూడా జనం చుట్టూ మూగి చూస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి. మధ్యలో ఆట, చుట్టూ జనం అన్నది ఏ దేశంవారూ ఎవరికీ నేర్పనక్కర్లేని పద్ధతి. నాగార్జునకొండ శిల్పాల్లో నాట్యం చేసేవారు, వాద్యాలు వాయించేవారు చాలాచోట్ల కనిపిస్తారు కాబట్టి ఆ నగరంలో ఆటపాటలకు కొదవ లేదు.

అడవుల్లో రంగశాల అనగానే ఇంకొక చోటు పేరు చెప్పుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో రామ్‌గఢ్ కొండ మీద సీతాబెంగ్రా అనే గుహ ఉంది. రాతిలో తొలిచిన ఆసనాలను బట్టి దాన్ని ప్రాచీన నాట్యశాల అని చాలామంది పండితులు భావించారు. పక్కనే ఉన్న జోగిమారా గుహలో సుతనుక అనే దేవదాసి పేరు, దేవదిన్నుడు అనే రూపదక్షుడి పేరు బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. అది గుహ, ఇది ఆరుబయలు. రెండూ కొండల్లో, అడవుల మధ్యే ఉన్నాయి.

పై ఎత్తున ఉన్న హారీతి కథ కూడా తెలుసుకోదగ్గది. బౌద్ధ కథల ప్రకారం హారీతి మొదట ఊరి పిల్లలను ఎత్తుకుపోయి తినే యక్షిణి. బుద్ధుడు ఆమె బిడ్డనే దాచిపెట్టి, బిడ్డ పోతే తల్లికి కలిగే బాధ ఆమెకు తెలిసేలా చేశాడు. అప్పటినుంచి ఆమె పిల్లలను కాపాడే తల్లి అయింది. మన ఊరి పొలిమేరలో ఉండే అమ్మవార్లకు ఈమె దూరపు చుట్టమనిపిస్తుంది. జాతర జరిగే చోట అమ్మవారి గుడి, గుడి ముందు ఆట. ఈ పోలిక మా ఆలోచన మాత్రమే, పరీక్షలో రాయకండి. కానీ ఆలోచించండి.

ఎవరు కూర్చున్నారు? ఎవరు కట్టారు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పాఠ్యపుస్తకం రాజుల పేర్లు చెబుతుంది. నలుగురు రాజులు, వాళ్ళ రాణులు, సేనాపతులు కలిసినా ఆ మెట్లలో ఒక్క వరస నిండదు. మరి మిగిలిన వరసల్లో ఎవరు కూర్చున్నారు?

శాసనాలు కొంత జవాబు చెబుతాయి. నాగార్జునకొండ శాసనాల్లో వృత్తి శ్రేణుల ప్రస్తావన ఉంది. శ్రేణి అంటే ఒకే పని చేసేవాళ్ళ సంఘం. తమలపాకులు అమ్మేవారి శ్రేణి, పిండివంటలు చేసి అమ్మేవారి శ్రేణి అందులో ఉన్నాయి. దానంగా ఇచ్చిన డబ్బును ఈ శ్రేణుల దగ్గర దాచి, దాని వడ్డీతో ధర్మకార్యాలు నడిపేవారు. ఆకులమ్మేవాళ్ళ సంఘం ఆనాటి బ్యాంకు అన్నమాట. పండుగ నాడు ఆట చూడటానికి వచ్చినవాళ్ళలో వీళ్ళు లేకుండా ఎలా ఉంటారు?

ఇంకొక విశేషం ఛాయాస్తంభాలు. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలబెట్టిన రాళ్ళకు ఆ పేరు. నాగార్జునకొండలో రాజులకు, యుద్ధంలో చనిపోయిన సైనికులకు ఇలాంటి స్తంభాలు ఎత్తారు. వాటిలో ఒకటి పనివాళ్ళకు పెద్దగా ఉన్న ఒక మేస్త్రీది. శాసనంలో ఆయన హోదాను "ఆవేశని" అన్నారు. అంటే శిల్పులను, పనివాళ్ళను నడిపించేవాడు. రాజుకు నిలబెట్టిన రాయి లాంటిదే మేస్త్రీకీ నిలబెట్టారు.

ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు మేము పుస్తకం మూసి చాలాసేపు మాట్లాడుకున్నాం. మాలో ఒకరి నాన్నగారు తాపీ మేస్త్రీ. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన చేతి మీద లేచినవే. ఏ ఇంటి గోడ మీదా ఆయన పేరు లేదు. 1700 ఏళ్ళ కింద ఒక మేస్త్రీ పేరు రాయి మీద ఎక్కిందంటే ఆ రోజుల్లో అందరికీ న్యాయం జరిగిందని కాదు. వేలమంది పనివాళ్ళలో ఒక్క పేరే మనదాకా వచ్చింది. ఇటుకలు కాల్చినవాళ్ళు, పలకరాళ్ళు తెచ్చినవాళ్ళు, సున్నం కలిపిన ఆడవాళ్ళు ఆ మెట్ల అడుగున ఉండిపోయారు. అయినా ఆ ఒక్క పేరు చాలు, కట్టినవాళ్ళు కూడా చరిత్రేనని చెప్పడానికి.

నీళ్ళు వచ్చాయి

1955 డిసెంబరు 10న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. రాతి కట్టుబడి ఆనకట్టల్లో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఇది ఒకటి. యంత్రాల కన్నా మనుషుల చేతులే దాన్ని ఎక్కువగా కట్టాయి. పాలమూరు నుంచి, ఇంకా ఎన్నో జిల్లాల నుంచి వచ్చిన కూలీలు రాయి మోసి ఆ గోడ లేపారు. కుడి ఎడమ కాలువల కింద 20 లక్షల ఎకరాలకు పైగా భూమికి నీరు అందేలా రూపొందించారు. మనలో ఎంతోమంది అమ్మానాన్నలు ఆ కాలువ నీళ్ళ కింద నాట్లు వేసి, కలుపు తీసి మనల్ని చదివించారు. కాబట్టి ఆనకట్ట మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చే పని మేము పెట్టుకోలేదు.

ఆ నీళ్ళ కిందికి ఏవేవి వెళ్ళాయో మాత్రం చెప్పుకోవాలి. విజయపురి నగరం మునిగింది. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను విప్పి, లోయ మధ్యలో ఉన్న కొండ మీదికి మార్చి మళ్ళీ కట్టారు. పద్నాలుగు కట్టడాలకు నమూనాలు చేశారు. ఆ కొండే నేడు జలాశయం మధ్య ద్వీపంగా కనిపించే నాగార్జునకొండ. అక్కడి మ్యూజియం 1966లో మొదలైంది. రంగశాలను, హారీతి గుడిని, ఒక విహారాన్ని మాత్రం జలాశయం ఒడ్డున అనుపు అనే చోట తిరిగి నిర్మించారు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాలను మార్చిన పని 1964లో మొదలై 1968లో ముగిసింది. దాన్ని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. మన దగ్గర ఇలాంటి పని అంతకన్నా ముందే మొదలైందన్నది మనకే తెలియదు.

ఆ లోయలో ఊళ్ళు కూడా ఉండేవి. పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెల్లో మనుషులు, గొడ్డూగోదా, పొలాలు ఉండేవి. వాళ్ళూ కదిలారు. మాలో ఒకరి తాతగారు పడుచు వయసులో ఆ తవ్వకాల్లో గంపలు మోసినవారు. మట్టి తీస్తుంటే మెట్టు కింద మెట్టు బయటపడిన తీరు ఆయన ఇప్పటికీ చేత్తో గాలిలో గీసి చూపిస్తారు. మధ్యాహ్నం కూలీలంతా ఆ మెట్ల మీదే వరసగా కూర్చుని సద్దిమూటలు విప్పేవారట. అంటే ఎన్నో వందల ఏళ్ళ తరువాత ఆ రంగశాలలో మళ్ళీ మొదట కూర్చున్నవాళ్ళు మన తాతలే. కొన్నాళ్ళకు వాళ్ళ ఊరు కూడా ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇంటి దూలాలు, తలుపులు బండ్ల మీద వేసుకుని మిట్టకు వచ్చారు. ఊరి చింతచెట్టును మాత్రం తెచ్చుకోలేకపోయామని ఆయన అంటారు.

రాళ్ళను మార్చేటప్పుడు ఏ రాయి ఎక్కడిదో ప్లానులు గీశారు, ఫొటోలు తీశారు, పుస్తకాలు అచ్చువేశారు. అది గొప్ప పని, ఆ పని చేసినవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. ఏ ఇల్లు ఎక్కడిదో, ఏ వీధిలో ఏ పాట పాడేవారో కూడా అంత శ్రద్ధగా రాసిన పుస్తకం మనకు కావాలి. ఆనాటి వాళ్ళలో పడుచు పిల్లలకు కూడా ఇప్పుడు ఎనభై దాటాయి. వాళ్ళ జ్ఞాపకాలను అడిగి రాసుకోవడానికి మన చేతిలో ఎక్కువ కాలం లేదు.

పల్నాట ఆట ఆగలేదు

అనుపు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. ఈ జిల్లా 2022లో ఏర్పడింది. విజయపురి రంగశాలలో ఆట ఆగిపోయినా పల్నాట ఆరుబయలు ఆట ఆగలేదు. కారెంపూడిలో ఏటా కార్తీక మాసంలో పల్నాటి వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజుల పండుగ. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ కథను వీరవిద్యవంతులు కత్తి పట్టి పాడతారు. జనం చుట్టూ చేరి వింటారు.

ఈ వీరవిద్యవంతులు మాల కులానికి చెందిన గాయకులు. శ్రీనాథుడు పుస్తకంగా రాసిన కథే అయినా, ఊరి జనం చెవుల్లో దాన్ని బతికించింది వీళ్ళ గొంతులే. కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించిన చాపకూడు ఉంది. ఆయన సేనానుల్లో ఒకడు మాల కన్నమదాసు. రాతి మెట్లు లేకపోయినా, నేల మీద కూర్చున్నా, జనం ఒకచోట చేరి తమ కథ తాము వింటే అదే రంగశాల.

మన వార్షికోత్సవం రోజున కూడా జరిగేది ఇదే కదా! ఆవరణలో బల్లలు కలిపి స్టేజీ వేస్తాం. చిన్నపిల్లలు ముందు, పెద్దపిల్లలు వెనక, అమ్మానాన్నలు గోడ పక్కన. ఎవరి ఊరు ఏది, ఎవరి కులం ఏది అని వరసలు వేయం. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక నిలబడతారు, అంతే.

చదువుకునేవారికి మూడు మాటలు

ఇంతదాకా ఓపికగా చదివిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చదువు విషయంలో మూడు సూచనలు.

1. ఏ చారిత్రక స్థలం గురించి చదివినా నోట్సు పేజీని మూడు గడులుగా గీయండి. మొదటి గడిలో కంటికి కనబడేది రాయండి. ఉదాహరణకు నాలుగు వైపులా మెట్లు, 54 అడుగుల పొడవు. రెండో గడిలో శాసనాలు చెప్పేది రాయండి. మూడో గడిలో పండితుల ఊహ రాయండి. రోమన్ ప్రభావం మూడో గడిలోకి వస్తుంది, మొదటి గడిలోకి కాదు. ఈ అలవాటు ఉంటే పరీక్షలో వ్యాసరూప ప్రశ్నకు భయపడనక్కర్లేదు.

2. రాజు పేరు రాసిన ప్రతిచోటా పక్కన ఒక ప్రశ్న రాసుకోండి. ఇది ఎవరు కట్టారు? ఎవరు వాడుకున్నారు? కట్టినందువల్ల, కూల్చినందువల్ల ఎవరు కదలాల్సి వచ్చింది? జవాబు వెంటనే దొరకకపోయినా ప్రశ్న పోగొట్టుకోకండి.

3. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు తాతయ్యను, నానమ్మను, అమ్మమ్మను అడగండి. మన ఊళ్ళో ఆట ఎక్కడ ఆడేవారు? ఏ కథ ఆడేవారు? రాత్రి దీపాలు ఎలా పెట్టేవారు? ఆడవాళ్ళు ఎక్కడ కూర్చునేవారు? మనవాళ్ళను ఎక్కడ కూర్చోనిచ్చేవారు? విన్నది విన్నట్టు, వాళ్ళ మాటల్లోనే తేదీ వేసి రాసుకోండి.

వీలైతే ఒకసారి అనుపు వెళ్ళి చూడండి. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరితే అక్కడికి దగ్గరే. విహారయాత్రకు సాగర్ వెళ్ళే బస్సులు డ్యామ్ చూసి, ఎత్తిపోతల చూసి తిరిగి వస్తాయి. మన హాస్టల్ బస్సు వెళ్ళినప్పుడు ఒక గంట అనుపులో ఆగేలా వార్డెన్ గారిని అడుగుదాం. వెళ్ళినవాళ్ళు మెట్ల మీద పేర్లు చెక్కకండి. కూర్చోండి, లెక్క పెట్టండి, కొలవండి, బొమ్మ గీయండి.

సూరపరాజు వెంకటరామయ్య పంతులు గారు ఒక స్తంభాన్ని చూసి ఊరుకోలేదు కాబట్టి మనకు విజయపురి దొరికింది. మన ఊళ్ళల్లో ఇంకా ఎవరూ రాయని సంగతులు ఎన్నో ఉన్నాయి. వాటిని చూసి ఊరుకోని పిల్లలు మన హాస్టల్ నుంచి రావాలని, వచ్చే ఏటి సంచికలో మీ ఊరి ఆట గురించి మీరు రాసిన వ్యాసాలు మేము చదవాలని కోరుకుంటూ...

మీ అన్నలు, అక్కలు
పూర్వ విద్యార్థులు